అప్పల్సామి మామ స్టెంట్

రెండు వేల పదకొండో, పన్నెండో. చెరకు క్రషింగ్ జోరుగా సాగుతున్న రోజులు. ఫిజీ దేశంలోని వనువా లేవు దీవిలో ఒక ఆస్పత్రిలో యూరాలజీ క్లినిక్ నర్సుగా చేసేదాన్ని. కడుపు కోయకుండా కిడ్నీ రాయి తీయడం మాకప్పుడు కొత్త. మూత్రం దారిలోంచే సన్నటి కెమెరా పంపి, లేజర్‌తో రాయిని పొడి చేస్తారు. దాన్ని యూరెటెరోస్కోపీ అంటారు. తర్వాత వాపుతో దారి మూసుకుపోకుండా లోపల స్టెంట్ అనే మెత్తటి పైపు ఉంచుతారు. కొన్ని వారాల్లో దాన్ని తీసెయ్యాలి. లేకపోతే దాని మీదే రాయి పేరుకుంటుంది.

సెయంగంగా ఊరి చెరకు రైతు అప్పల్సామి మామకు అలాగే చేశారు. పైపు తీసే తేదీ కార్డు మీద నేనే రాసిచ్చాను.

మూడేళ్ల తర్వాత ఆయన తమ్ముడు ఆయన్ని చలిజ్వరంతో తీసుకొచ్చాడు. ఎక్స్‌రే చూశాను. పైపు లోపలే ఉంది! రెండు చివర్లా కోడిగుడ్డంత రాళ్లు.

"మామా, ఇది తీయించుకోలేదా?"

"అయిపోయింది గదా బేటీ? ఆ తేదీకి నా బదులు తమ్ముడు వచ్చాడు. పైపు కరిగిపోయిందనుకున్నా."

తమ్ముడి వంక చూశాను. పాపం, ఏమీ దాచలేదు.

"ఆ దినం అన్న పొలంలోనే చెరకు కటింగ్ టర్న్. పొలం ఆయనది, ఆయనే రాకపోతే కోత గేంగ్ అంతా బంద్. గేంగ్‌లో ఒకడు రాకపోతే బదులు వాడి తమ్ముడు పోతాడు, అన్న పేరు మీదే టిక్ పడతాది. ఇక్కడా అంతే అనుకున్నా. నేను కార్డు తెచ్చినా. నువ్వు అన్న పేరు పిల్చినావు, జీ అన్నా. నొప్పి ఉందా అంటే దరద్ నై అన్నా. టిక్ పెట్టినావు. కామ్ ఖతమ్ అనుకొని ట్రక్ ఎక్కినా."

ఛీ, ఏం మనిషిని నేను! పాత రిజిస్టర్ తీశాను. ఆయన పేరు పక్కన నా చేత్తో పెట్టిన టిక్. వచ్చాడని టిక్ పెట్టానే గానీ, తర్వాత పైపు తీశారా లేదా అని చూడనే లేదు. ఆ టిక్ ఉంది గనక మూడేళ్లలో ఎవరూ ఆయనకు కబురు పెట్టలేదు.

స్కాన్‌లో ఆ కిడ్నీ పూర్తిగా చచ్చిపోయిందని తేలింది. కోత లేకుండా రాయి పోగొట్టుకున్న మనిషికి, చివరికి నడుము పక్కన జానెడు కోత పెట్టి కిడ్నీనే తీసేశారు.

వార్డులో ఆయన దగ్గరికి వెళ్లి, "మామా, తప్పు నాది. ఆ రోజు తలెత్తి మనిషి ముఖం చూడలేదు" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"పోనీలే బేటీ, ఇంకోటి ఉంది గదా" అన్నాడాయన.

తిట్టి ఉంటే బాగుండేది. అప్పటినుంచి పైపు చేతికొచ్చి, నా కళ్లతో చూసేదాకా ఎవరి పేరు పక్కనా టిక్ పెట్టలేదు.