అంచు సాళ్ల ఆకు

నా చిన్నప్పుడు, తొంభైల్లో, పుంగనూరు దగ్గర మా పల్లెలో సగం ఇళ్లలో పట్టుపురుగులు మేపేవాళ్లు. మా మల్బరీ తోట మా అవ్వది, పెత్తనమూ ఆమెదే. పురుగు మేత మాని పొర విడిచే నిద్రను మా వైపు జ్వరమంటారు. ఆ ఏడాది మా పురుగులు నాలుగో జ్వరం లేచి, ఇక వారంలో గూళ్లు కడతాయనగా పక్క చేను ఆయన టమాటాకు మందు కొట్టాడు. గాలి మా తోట వైపు తోలుతోంది. గాలి తగ్గినాక కొట్టుకో అప్పా అని అవ్వ గట్టు మీద నిలబడి బతిమాలింది. ఆయన వినలేదు.

పొద్దున మదనపల్లె వెళ్లి సాయంత్రం తిరిగొచ్చిన అమ్మకు ఈ సంగతి తెలియదు. అవ్వ చూసేలోగా ఆయన చేను పక్కనే ఉన్న అంచు సాళ్ల ఆకే కోసి మేపింది. తెల్లారేసరికి పురుగులన్నీ పచ్చగా కక్కి చచ్చిపోయాయి. తట్టలు గుంటలో పోస్తుంటే నేను ఏడ్చాను. అవ్వ వెళ్లి అడిగితే ఆయన, "గాలికి నేనేమన్నా కాపలా ఉండానా?" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు, జ్ఞానం కావాలంటే దేవుణ్ణి అడగండి, లేదనకుండా ఇస్తాడని చెప్పారు. నేను వెంటనే అడిగాను, పళ్లు కొరుకుతూ. ఆ పక్క చేను ఆయన్ను ఏం చేస్తే నా కడుపుమంట చల్లారుతుందో చెప్పు ప్రభువా అని.

ఆయనా పురుగులు మేపేవాడే, ఊరికి అవతల మల్బరీ తోట ఉండేది. రెండు రోజులకే అందులో ఆకు అయిపోయింది. వాళ్ల పురుగులేమో మంచి ఆకలి మీద ఉన్నాయి. తాను రావడానికి ముఖం చెల్లక భార్యను పంపాడు. మాకు పురుగులు లేవు, ఆకు మాత్రం నిలువునా ఉంది. అవ్వ కళ్లు మూసుకుని ప్రార్థించింది. తర్వాత నన్ను పిలిచి, ఒక మోపు కోసి ఇవ్వమంది.

కొడవలి పట్టుకుని తోటలోకి వెళ్తుంటే నాకు చటుక్కున అంచు సాళ్లు గుర్తొచ్చాయి. దేవుడు ఇంత తొందరగా పలుకుతాడనుకోలేదు. మనసులో స్తోత్రం చెప్పుకుని మరీ ఆ విషపు ఆకే కోసి మోపు కట్టాను.

అవ్వ వచ్చి మోపు చూసింది, నా ముఖం చూసింది. యాడ కోసినావని రెండుసార్లు అడిగింది. జ్ఞానం అడిగితే దేవుడే ఇచ్చినాడవ్వా అన్నాను. కొడుతుందనుకున్నాను. ఆమె గట్టు మీద కూలబడింది.

"దేవుడిచ్చిందైతే యాడ కోసినావో నాకు యాల చెప్పలేదు పాపా? పో, ఆయమ్మ ముందర నిలబడుకోని అంచు సాళ్ల ఆకు ఇస్తాండానని గట్టిగా చెప్పు. చెప్పలేవా? అట్లయితే అది యాడినించి వచ్చిందో నువ్వే సూసుకో."

నేను కొడవలి కింద పెట్టేశాను.

ఆ మోపును గుంటలో పూడ్పించి, నడిమి సాళ్లలో మళ్లీ కోయించింది. అది తనే నెత్తిన పెట్టుకుంది, ఇద్దరం ఆయన ఇంటికి పోయాం. మోపు నెత్తి మీది నుంచి దించకుండానే అవ్వ వీధంతా వినేలా అరిచింది. "నా పురుగుల్ని సంపినావు. గాలి మీదికి తోసినావు. నీ మొగం సూస్తే నాకు కడుపు మండతా ఉండాది. ఆకు మాత్రం మంచిది. మేపుకో."

ఆయన మోపు దించుకుని లోపలికి తీసుకెళ్లాడు. తప్పయిందని ఆనాడూ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. అవ్వ కూడా చాలాకాలం ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు.

నాకూ ఆయన మీద కోపం పూర్తిగా పోలేదు. పోవాలని అడుగుతూనే ఉన్నాను. అయితే ఎవరి మీదైనా కసిగా ఉన్నప్పుడు ఏదైనా ఉపాయం తోస్తే, అది దేవుడిచ్చిందే అనిపిస్తే మరీను, దాన్ని ఎదుటి మనిషి ముందు గట్టిగా చెప్పగలనా అని చూసుకుంటాను. ఇన్నేళ్లలో చాలాసార్లు నోరు రాలేదు. నోరు రాని ప్రతిసారీ చెయ్యి ఆపుకున్నాను, ఒకటి రెండుసార్లు తప్ప. ఆ ఒకటి రెండూ ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.