ఏడు తువ్వాళ్ళు, మూడు చప్పట్లు

ముందు వినిపించేది ఇనుప రోకలి. ఠంగు, ఠంగు, ఠంగు. ఒక మౌనం. మళ్ళీ ఠంగు. సీమపనస చెట్ల వెనకనుంచి, సముద్రం ఊపిరి పీల్చుకునే సందుల్లోకి సరిగ్గా ఒదిగే చప్పుడు. నీళ్ళలో కలుపుకుని తాగే యంగోనా చెట్టు వేళ్ళు దంచేవాళ్ళు మా తీరంలో ఇంటికొకరున్నా, ఈ లయ ఒక్కరిదే. పంతొమ్మిదేళ్ళు తువ్వాళ్ళు మడతపెట్టిన చేతులకి వేరే తాళం రాదు. మడత, మడత, మడత, సర్దు.

ఆ తర్వాతే తోరికా కనిపిస్తుంది. మబ్బులాంటి జుట్టు, నీళ్ళలో నానీ నానీ తెల్లబడ్డ వేళ్ళు.

"వచ్చావా బావా? వాసన పట్టి వస్తావు. నీకంటే మా కుక్క నయం, అది పిలిస్తేనే వస్తుంది." తెలుగువాణ్ణయినా నన్ను బావనే పిలుస్తుంది.

సముద్రపు ఒడ్డు హోటల్లో ఆమెది బట్టలుతికే విభాగం. ఏడేళ్ళ కిందట ఆక్లాండ్ నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్ ఒకడు దండెం దగ్గర ఆమెని ఆపి, చెవి వెనక మందారం పెట్టి, నవ్వమన్నాడు. నవ్వింది. ఆ నవ్వు హోటల్ కరపత్రాల మీదికెక్కింది, ఫేస్‌బుక్ పేజీ నెత్తినెక్కింది, చివరికి రాజధాని సువాకెళ్ళే బస్సు పక్కటెముకల మీదికెక్కింది. ఎవరూ ఆమెని అడగలేదు. అడగాలని ఆమెకీ తోచలేదు. రోజూ సాయంత్రం నిలువెత్తు తన ముఖం తనని చూసి నవ్వుతూ, ఆగకుండా వెళ్ళిపోయేది.

హోటల్లో పనిచేసేవాళ్ళకి ఫేస్‌బుక్ విషయంలో పంతొమ్మిది పేజీల నిబంధనలున్నాయి. వాటి మీద సంతకాలు తీసుకున్న రోజు అందరికీ కోడికూర పెట్టారు. ముందు సంతకం, తర్వాత కోడి. పదకొండో నిబంధన ప్రకారం హోటల్ గురించి పనివాళ్ళు ఏమీ రాయకూడదు. పన్నెండో నిబంధన ప్రకారం హోటల్ పెట్టిన ప్రతిదానికీ పనివాళ్ళు లైక్ కొట్టాలి. తోరికా పన్నెండో నిబంధనని భక్తిగా పాటించింది. పదకొండోది ఒకటుందని ఆమెకి గుర్తులేదు.

ఒక మధ్యాహ్నం, ఎండ తెల్లటి దుప్పట్ల మీద నిద్రపోతున్న వేళ, నూట పధ్నాలుగో నంబరు గది బుట్ట వచ్చింది. ఆమె ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టి, కింద ఒక ముక్క రాసింది: "గదిలో మనుషులు ఇద్దరు. తువ్వాళ్ళు ఏడు. మిగతా అయిదుగురూ మంచం కింద ఉన్నారా?"

ఊరంతా నవ్వింది. ఆ గదిలో దిగిన బ్రిస్బేన్ ఆయన కూడా చూసి, "అయ్యో, అది మేమే!" అని రాసి మూడు నవ్వు బొమ్మలు పెట్టాడు. హోటల్ మాత్రం ఆయన తరఫున నొచ్చుకుంది. అతిథి గోప్యతకి భంగం, సంస్థ పరువుకి నష్టం, విచారణ తేలేదాకా పనిలోకి రావద్దు అని ఉత్తరం పంపింది.

చెరకు లారీ మీంచి పడి నడుం పోగొట్టుకున్న భర్త వైసేయా, చదువుకునే ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఇంట్లోకి వచ్చే జీతం తోరికాది ఒక్కటే. ఆ ఉత్తరాన్ని ఆమె తువ్వాలులాగే మూడు మడతలు పెట్టి బైబిల్లో దాచింది.

ఊరి తరఫున మాట్లాడే పెద్ద, ఆమె మేనమామ ఎమోసి. ఆయన ఉత్తరం చూసి, "కాగితానికి కాగితం ఏంటే? యంగోనా వేళ్ళు పట్టుకెళ్దాం పద," అన్నాడు.

మర్నాడే వెళ్ళారు. హోటల్ ముందు హాల్లో చాప పరిచారు. మేనేజర్ గ్రాహం న్యూజిలాండ్ మనిషి, మంచివాడు. నడుముకి లుంగీ చుట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఎమోసి యంగోనా వేళ్ళ కట్ట రెండు చేతులతో పట్టుకుని తల వంచాడు.

"దొరా, మా పిల్ల నోరు జారింది. నోరు దానిది, సిగ్గు మా అందరిదీ. ఈ వేళ్ళు తీసుకో. తీసుకుంటే ఆ మాట ఇక్కడే మట్టిలో కలిసిపోతుంది."

గ్రాహం కట్టని తాకాడు. అరచేతులు గిన్నెల్లా చేసి మూడుసార్లు చరిచాడు. లోతైన, గుల్లగా ఉన్న చప్పుడు, సరిగ్గా ఎలా రావాలో అలా. రాదా మరి? కొత్తగా వచ్చిన వారంలోనే అతనికి తోరికా నేర్పింది. "దోమని చంపుతున్నట్టు కాదు సార్, గాలిని దోసిట్లో పట్టినట్టు." అతని కళ్ళు చెమర్చాయి. ఆ చప్పట్లు పడ్డాక ఆ విషయం ఇటువాళ్ళూ ఎత్తకూడదు, అటువాళ్ళూ ఎత్తకూడదు.

హోటల్ ప్రచారం చూసే కెలెరా అనే అమ్మాయి స్తంభం పక్కనుంచి అంతా వీడియో తీసింది. పొద్దున్నకల్లా అది హోటల్ పేజీలో ఉంది. కింద ఒక వాక్యం: "మా దగ్గర క్షమాపణ కూడా ఒక అందమైన అనుభవం." మూడు రోజుల్లో నలభైవేల మంది చూశారు. నాలుగో రోజు సువా నుంచి హోటల్ వకీలు చూశాడు.

అయిదో రోజు రెండో ఉత్తరం వచ్చింది. తప్పు ఒప్పుకున్నట్టు వీడియో సాక్ష్యం ఉన్నందువల్ల ఉద్యోగం నుంచి తొలగించడమైనది.

ఎమోసి ఫిర్యాదు పెట్టించాడు. నెల తిరిగేలోపు కార్మిక శాఖ మధ్యవర్తి రెండు పక్షాలనీ పిలిచాడు. వరండాలో బల్ల మీద కూర్చున్నప్పుడు మామ ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"పధ్నాలుగో నిబంధన చదివించానే. అడక్కుండా తోటి పనివాళ్ళ బొమ్మ పెడితే ఉద్యోగం ఊడుద్దంట. ఆ కెలెరా నిన్నడిగిందా? లేదుగా! ఆ ఒక్క ముక్క చెప్పు చాలు."

"చెప్తే దాని పీక తెగుద్ది మామా."

"నీది తెగిందిగా!"

"వేళ్ళిచ్చింది నువ్వు. మాటని పూడ్చిపెట్టింది నువ్వు. ఇప్పుడు తవ్వమని పార కూడా నువ్వే ఇస్తావేంటి?"

ఎమోసి గడ్డం గోక్కుని, లోపల్నుంచి పిలుపు రాగానే ఆమెకంటే ముందు లేచాడు.

లోపల మధ్యవర్తి తలపండినవాడు, ఈ ఆచారాల్లోనే పుట్టి పెరిగిన లౌ దీవులాయన. వకీలు వీడియో పెట్టి, 'నోరు జారింది' అన్న చోట ఆపాడు.

"ఒప్పుకోలు ఇదేనండి."

"ఆపావేం? చివరిదాకా పెట్టు."

మూడు చప్పట్లు ఆ చిన్న గదిలో మోగాయి. మధ్యవర్తి తోరికా వైపు తిరిగాడు.

"నువ్వేం చెప్తావమ్మా?"

"ఏం చెప్పనండి. ఆ మాట అయిపోయింది."

"నోరిప్పకపోతే పోయిన ఉద్యోగం తిరిగి రాదు. తెలుసా?"

"తెలుసండి." ఒళ్ళో ఆమె చేతులు అక్కడ లేని తువ్వాలుని మడతపెడుతున్నాయి. "చప్పట్లు పడ్డాక ఎవరన్నా మాట్లాడతారా అండీ?"

ఆయన గ్రాహంని చూశాడు. "ఆ చేతులు మీవేనా?"

"నావే."

"ఆ చప్పట్లకి అర్థం?"

వకీలు గ్రాహం మోచేయి పట్టుకున్నాడు. గ్రాహం ముఖం ఉడికిన పీతలా ఎర్రబడింది. "విషయం ముగిసిందని."

"ఎవరు చెప్పారు మీకు?"

గ్రాహం మెల్లిగా చెయ్యి ఎత్తి తోరికాని చూపించాడు.

"ఆవిడ నేర్పింది. నేర్పిన దానికే కట్టుబడి, నష్టపోతానని తెలిసీ నోరు మూసుక్కూర్చుంది. మరి మీరెందుకొచ్చారిక్కడికి?" అన్నాడు మధ్యవర్తి.

సోమవారం నుంచి తోరికా మళ్ళీ పనిలో ఉంది. రాజీ పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. ఈసారి పొరుగావిడ కళ్ళద్దాలు అరువు తెచ్చుకుని మొత్తం చదివింది. రాజీ ఎలా కుదిరిందో ఫేస్‌బుక్‌లోనే కాదు, ఏ మనిషికీ చెప్పకూడదట. మూడు చప్పట్లతో తేలిపోయే పనికి వాళ్ళకి నాలుగు పేజీలు పట్టాయి.

క్షమాపణ వీడియో మాత్రం హోటల్ పేజీలో అలాగే ఉంది. తీసెయ్యమని అడగడానికి లేదు, అడిగితే పూడ్చిన మాట ఎత్తినట్టు. పైగా పన్నెండో నిబంధన ఇంకా అమల్లో ఉంది. పనిలో చేరిన మొదటి రోజే ఆమె ఆ వీడియోకి లైక్ కొట్టింది.

ఇదంతా చెప్పేసరికి దంచడం అయిపోయింది. రోడ్డు మీద సువా బస్సు దాటింది. దాని మీద ఆమె ముఖం మందారం పెట్టుకుని, ఏడేళ్ళు చిన్నదిగా, ఏ కాగితమూ చదవని నవ్వు నవ్వుతూ వెళ్ళింది. ఆమె దానికేసి చెయ్యూపింది. యంగోనా కలిపి కొబ్బరిచిప్ప నా చేతికిచ్చింది. తాగి మూడు చప్పట్లు కొట్టాను. ఈ సంగతి రాయొచ్చా అని అడిగాను.

"మీ తెలుగులో రాసుకో బావా, ఆ వకీలు చదవలేడు. కానీ తువ్వాళ్ళు ఏడని రాయి, ఆరని రాసేవు. ఆరైతే నేను ఫోటోనే తీసేదాన్ని కాదు."