తిరగేసిన నెగటివ్

మొన్న మధ్యాహ్నం మా చెల్లెలి కూతురు తరిగిన ఉల్లిపాయల మీద వెనిగర్ పోసింది. ఆ పుల్లటి ఘాటు ముక్కుకు తగలగానే నేను వంటింట్లోంచి బయటికి వచ్చేశాను. "ఏమైంది పెద్దమ్మా, పడదా?" అని అడిగింది. పడకపోవడం కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాలుగేళ్ళు భద్రాచలంలోని ఒక ఫోటో స్టూడియోలో పనిచేశాను. అక్కడి చీకటి గదిలో, కాగితం మీద తేలుతున్న బొమ్మను సరైన క్షణంలో ఆపే ద్రావణానికి ఇదే వాసన. ఆ గదిలో నాకు పని నేర్పిన మనిషి మా యజమాని దానియేలు గారు. ఆయన గురించి ఎవరడిగినా ఇన్నాళ్ళూ మంచే చెప్పాను. నేను ఆయనకు చేసింది మాత్రం ఒక్కరికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

దానియేలు గారు పెద్దగా ఊళ్ళు తిరిగినవారు కాదు. యాత్రికులు కడగమని ఇచ్చిన రీళ్ళలోనే లోకమంతా చూశారు. ఫోటో ఆరీ ఆరకముందే అది ఎక్కడిదో చెప్పడం ఆయనకు సరదా. ముందు నన్ను చెప్పమనేవారు, తర్వాత తాను చెప్పేవారు, రీలు ఇచ్చిన మనిషి ఫోటోలు పట్టుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఎవరిది నిజమో అడిగేవాళ్ళం. ఒకసారి మట్టిలోంచి తేలిన గోడ ముక్క ఒకటి వచ్చింది. నేను ఏదో కోట అన్నాను. ఆయన భూతద్దం నా చేతికిచ్చి, "మనిషి కాలు పక్కన ఇటుక చూడు రజితా. గంత పెద్ద ఇటుక ఇప్పుడెవరు చేస్తరు? నేలకొండపల్లి బౌద్ధుల దిబ్బ ఇది" అన్నారు. నిజమే అయింది. నీడ ఎటు పడింది, గడ్డి ఏ రంగులో ఉంది, గుడిసె కప్పు ఎలా నేశారు, ఇవన్నీ చూడడం ఆయనే నేర్పారు. అయినా ప్రతిసారీ నేనే ఓడిపోయేదాన్ని. ఏన్కూరు దగ్గరి పల్లె నుంచి డిగ్రీ చదివి వచ్చినదాన్ని. ఆ ఓటమి నాకు లోలోపల గుచ్చుకునేది.

ఒకరోజు కౌంటర్ దగ్గర నలుగురున్నప్పుడు మళ్ళీ తప్పు చెప్పాను. ఆయన నవ్వుతూ, "మా రజితకు కండ్లున్నయి గానీ చూపింకా రాలే" అన్నారు. అందరూ నవ్వారు. ఆయన మనసులో ఏమీ లేదు. నా మనసులో మాత్రం ఆ మాట దిగబడింది.

ఆ వారంలోనే చరిత్ర చెప్పే లెక్చరర్ ఒకాయన నలుపు తెలుపు రీలు తెచ్చారు. పది రోజులు అడవి పల్లెలన్నీ తిరిగారట, వివరాలు రాసుకున్న పుస్తకం వాగులో పడి పాడైందట. రీల్లో ఒక పెద్ద బండ ఉంది. దాని మీద చేతులు పట్టుకుని వరుసగా నిలబడ్డ మనుషులు, ఒక ఎద్దు, రెండు పాదాలు చెక్కి ఉన్నాయి. పక్కన లెక్చరర్ స్నేహితుడు నిలబడి ఉన్నాడు. వెనక ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండు మూపుల గుట్ట. "ఎన్నో గుట్టలు దాటాం, ఇది ఎక్కడో గుర్తు లేదు. ఎంత పాతవో, ఎవరు చెక్కారో తేల్చాలంటే ముందు చోటు తెలియాలి" అని ఆయన బతిమాలారు. "నాకు ఇడువుండ్రి సార్, చూస్త" అన్నారు దానియేలు గారు.

ప్రింటు తీసే పని నాది. నెగటివ్ మెరిసే వైపు దీపానికి, మసక వైపు కాగితానికి ఉండాలి. నేను కావాలని తిరగేసి పెట్టాను. కుడి ఎడమ అయింది, ఎడమ కుడి అయింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆయన తప్పు చెబితే చాలనుకున్నాను.

ఆయన రెండు రోజులు ఆ ఫోటో వదలలేదు. మూడో రోజు, "బూర్గంపాడు దాటినంక ఉంటది ఈ గుట్ట. చిన్న మూపు కుడి దిక్కు కనబడుతున్నదంటే గుట్ట అవతల నుంచి తీసిండ్రు" అన్నారు. ఆదివారం ప్రార్థన కాగానే బస్సెక్కి వెళ్ళారు. చీకటి పడే వేళకు ప్యాంటు నిండా పల్లేరు కాయలతో వచ్చి, "దొరకలే. వచ్చే వారం ఇంకా లోపలికి పోత" అన్నారు. ఆ రోజు నాకు సంతోషమే కలిగింది, దాచను. రెండో ఆదివారం భయం వేసింది. చెబుదామనుకున్నాను, పని పోతుందని ఊరుకున్నాను. మూడో ఆదివారం ఆయన గుట్ట అవతలి వాగులో బండ మీద జారిపడ్డారు. కట్టెలకు వచ్చిన వాళ్ళు మంచం మీద రోడ్డుదాకా మోసుకొచ్చారు. తుంటి ఎముక విరిగింది.

దవాఖానా నుంచి ఇంటికి వచ్చాక ఆ ఫోటో, భూతద్దం తెమ్మన్నారు. బండ పక్కన నిలబడ్డ లెక్చరర్ స్నేహితుడి మీద ఆయన చూపు ఆగింది.

"చొక్కా జేబు కుడి దిక్కున్నదేంది, రజితా?"

చొక్కాకు జేబు ఉండాల్సింది గుండె మీద, ఎడమ వైపు. "నెగటివ్ తిరగబడ్డట్టుంది సార్. చూసుకోలే."

అప్పటిదాకా ఒక్కసారీ నా చేతిలో నెగటివ్ తిరగబడలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. నా ముఖంలోకి చూశారు. "అవ్, నేనన్న ముందుగాల్ల జేబు చూడాల్సింది" అని ఫోటో పక్కన పెట్టారు. "అయితే గుట్ట ఇవతలనే. రోడ్డుకు దగ్గరనే ఉంటది. నువ్ పోయి చూసి రా."

వెళ్ళాను. బస్సు దిగి అరగంట నడిస్తే బండ కనిపించింది. ఆ చెక్కిన పాదాల ముందు కూర్చుని ఏడ్చాను. తిరిగి వచ్చాక ఆయన కళ్ళు మూసుకుని నాతో అంతా చెప్పించుకున్నారు. ఎద్దు కొమ్ములు ఎటు వంగాయి, మనుషులు ఎంతమంది, రాయి చేతికి ఎలా తగిలింది. అన్నీ చెప్పాను, చెప్పవలసిన ఒక్కటి తప్ప. లెక్చరర్ ఆ చెక్కడాల గురించి అచ్చు వేయించిన వ్యాసంలో, చోటు గుర్తించినవారు అని నా పేరే ఉంది. అలా రాయించింది దానియేలు గారే. ఆయన మాత్రం ఆ తర్వాత కర్ర లేకుండా గడప దాటలేదు.

ఆయన చనిపోయిన నెల రోజులకు వాళ్ళింటికి వెళ్ళి, ఆయన భార్య ఎలీశమ్మ గారి ముందు అంతా చెప్పేశాను. ఆమె నా చేయి వదలలేదు. "ఆయనకు ఎర్కనే బిడ్డా. జేబు చూసిన రోజే చెప్పిండు నాకు."

"మరి నన్నెందుకు అడగలేదమ్మా?"

"అడిగితే తెల్లారి నుంచి నువ్ రావన్నడు. పని మంచిగొచ్చిన పిల్ల, ఆగం అయితదన్నడు."

ఇప్పుడు ఏన్కూరులో నాకు సొంత ఫోటో దుకాణం ఉంది. నా దగ్గర ఇద్దరు పనిచేస్తారు. వాళ్ళు ఏదైనా పాడుచేసి, "చూసుకోలే మేడం" అన్నప్పుడు నేను రెండో ప్రశ్న వేయను. మా మేడంది మంచి మనసని వాళ్ళు బయట చెప్పుకుంటారట. మంచితనం ఆయనది. ఆ మాట విన్న ప్రతిసారీ నేను వాళ్ళ ముఖం చూడలేక తల దించుకుంటాను, అంతే.