చిన్న చేతి పిడికెడు

"మన ఆదివారం బడి పిల్లలకు పాటలు నేర్పే అమ్మాయి ప్రభువునందు నిద్రించింది" అని అయ్యగారు గుడి మైకులో చెప్పారు. ఊరంతా విన్నది. నేనూ విన్నాను. అప్పటికే ఆసుపత్రి నుంచి జీపులో దాన్ని తెచ్చి మా వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు. దాని తల నా ఒడిలోనే ఉంది. అయినా మైకులో వినేదాకా అది వేరే ఎవరింట్లోనో జరిగిన సంగతిలాగే అనిపించింది.

నిద్రించింది అనేది మంచి మాటే. కానీ నా కూతురికి నిద్ర తక్కువ. నాకంటే ముందు లేచేది. నేను కళ్ళు తెరిచేసరికి వాకిలి ఊడ్చి, పొయ్యి వెలిగించి, గొంతులో ఏదో పాట తిప్పుకుంటూ ఉండేది. ఇప్పుడు నేనే ముందు లేస్తున్నాను. లేచి ఏం చెయ్యాలో తెలియక కాసేపు కూర్చుంటున్నాను.

దాని గురించి సంఘ పత్రికలో నాలుగు మాటలు రాయమని అయ్యగారు అడిగారు. నాకు వచ్చింది రాత్రిబడి చదువే. బాగా రాసేవాళ్ళు మన సంఘంలో ఉన్నారు. కానీ వాళ్ళకు తెలిసింది పాటలు నేర్పే అమ్మాయి. అంతకు ముందు ఓణీ కింద చెయ్యి దాచుకున్న అమ్మాయి ఒకతి ఉండేది. ఆ అమ్మాయి నాకు తెలుసు. అందుకని రాస్తున్నాను.

దానికి రెండో ఏడు నడుస్తుండగా జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ఎడమ చేతిలోని బలాన్ని కూడా తీసుకుపోయింది. పిల్ల పెరిగింది గానీ ఆ చెయ్యి దానితో సమానంగా పెరగలేదు. సన్నగా ఉండిపోయింది. వేళ్ళు సగం ముడుచుకునే ఉండేవి. వాళ్ళ నాయన బోరుబండి మీద పనికి పోయేవాడు. ఎప్పుడు ఇంటికి వచ్చినా ఆ చిన్న చెయ్యే పట్టుకుని అంగడికి తీసుకుపోయేవాడు. ఆయన చనిపోయాక ఆ చెయ్యి పట్టుకునేవాళ్ళు లేరు. నేను ఎప్పుడూ కుడి చెయ్యే పట్టుకున్నాను. అట్లా అలవాటైపోయింది.

బడికి పోయే రోజుల్లో పుస్తకాల సంచి ఆ చేతి మీద వేసుకునేది. పెద్దదయ్యాక ఓణీ కప్పుకునేది. ఎండాకాలం ఉడుకుతున్నా ఓణీ తీసేది కాదు.

వానకు ముందు, విత్తనాలకని వేరుశనగ కాయలు వలిచే రోజుల్లో ఆడవాళ్ళమంతా పెద్దరెడ్డి వాళ్ళ వసారాలో వరుసగా కూర్చునేవాళ్ళం. అది కూడా నా పక్కన కూర్చునేది. కాయను బండ మీద పెట్టి, కుడిచేతి బొటనవేలితో నొక్కి పగలగొట్టేది. మేం చాట నింపేసరికి దానిది సగం కూడా అయ్యేది కాదు.

ఒకరోజు మా వదిన అంది, "ఏమ్మే, నీ బిడ్డ చేత్తో వలుస్తాందా, చూపుల్తో వలుస్తాందా?"

అందరూ నవ్వారు. మా అమ్మాయి కూడా వాళ్ళతోపాటు నవ్వింది. మరుసటి రోజు తలనొప్పి అని రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. ఆ పైన పిలవడం నేనే మానేశాను.

ఆ ఏడే గుత్తిలో స్వస్థత కూటాలు పెట్టారు. ఎక్కడినుంచో పెద్ద ప్రసంగీకుడు వచ్చాడన్నారు. కుంటివాళ్ళు నడుస్తున్నారన్నారు. విశ్వాసం ఉన్నవాళ్ళు ముందే సిద్ధపడి పోవాలని మా వీధిలో ఒకామె చెప్పింది. నాకు తెలిసిన సిద్ధపాటు ఒకటే. పామిడి సంతలో గాజులు కొన్నాను. ఎర్ర గాజులు, రెండు చేతులకూ ఒకే కొలతవి. ఎడమ చేతివి కొంగున మూటగట్టుకుని బస్సెక్కాను, వచ్చేటప్పుడు తొడుగుదామని.

మైదానంలో ఆయన దాని తల మీద చెయ్యి పెట్టి గట్టిగా ప్రార్థన చేశాడు. చెయ్యి చాపమన్నాడు. చాపింది. వేళ్ళు తెరుచుకోలేదు. మళ్ళీ ప్రార్థన చేశాడు. వెనక వరుసలో జనం తోసుకుంటున్నారు. "విశ్వాసం చాలలేదమ్మా" అని పక్కనున్న మనిషి వైపు తిరిగాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా కొంగు మూట చూసి అది అడిగింది, "దాంట్లో ఏముండాయి మా?"

చూపించక తప్పలేదు. తీసుకుని ఎడమ చేతికి ఒక గాజు తొడుక్కుంది. చెయ్యి కిందికి దించగానే జారి పడిపోయింది. వంగి తీసి నాకు ఇచ్చేసింది.

"దేవునికి నా చెయ్యి కనపళ్ళేదేమో మా. ఇన్నాళ్ళూ ఓణీ కిందనే ఉండె కదా."

గాజును మళ్ళీ మూటలో కట్టుకున్నాను. ఊరు వచ్చేదాకా కిటికీలోంచి బీళ్ళు చూస్తూ కూర్చున్నాను.

దానికి ప్రభువు బల్లలో చేరే వయసు వచ్చింది. తరగతులకు పోయింది, అన్నీ ఒప్పజెప్పింది. మా గుడిలో నెలలో మొదటి ఆదివారం బల్ల ఉంటుంది. ముందుకు పోయి మోకరించి, ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి ఆనించి చాపితే అయ్యగారు రొట్టె ముక్క పెడతారు. పెద్దవాళ్ళ దగ్గర ఏదైనా రెండు చేతులతో తీసుకోవడం మన మర్యాద. దేవుని దగ్గర చెప్పాల్సిన పనే లేదు. ఆ రెండో చెయ్యి చాపలేక మా అమ్మాయి చివర గోడకు ఆనుకుని కూర్చుండిపోయేది. పిలిస్తే తల అడ్డంగా ఊపేది. నేను రొట్టె తీసుకుని వచ్చి పక్కన కూర్చుంటే నా అరచేతుల వైపు ఒకసారి చూసేది. అంతే.

ఒకరోజు అయ్యగారి భార్య మా ఇంటికి వచ్చారు. మేమంతా ఆమెను అమ్మగారు అంటాం. నేను చాటలో ఉలవలు ఏరుతుంటే తనూ కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టారు. మా అమ్మాయి నీళ్ళ చెంబు తెచ్చి పెట్టింది, ఒక చేత్తోనే.

"ఏం పాపా, బల్లకు ఎందుకు రావు?"

"రెండు చేతులు చాపాల కదమ్మగారూ."

"ఉండేవి రెండే కదా. యాడన్నా ఇంగొకటి దాచిపెట్టినావా?"

మా అమ్మాయికి నవ్వు రాలేదు. "గుత్తిలో ఆయన నాకు విశ్వాసం చాల్లేదన్నాడు" అంది.

అమ్మగారు ఏరడం ఆపారు.

"చెయ్యి ఎండిపోయిన మనిషి కథ తరగతిలో చెప్పినాను కదా. గుర్తుండాదా?"

"ఉండాది. ఆయప్పకు బాగైపోయింది."

"బాగు కాకముందు ప్రభువు ఏం చెయ్యమన్నాడు?"

"లేచి అందరి నడుమ నిలబడమన్నాడు."

"అప్పుడు ఆయన చెయ్యి ఎట్లుండాది?"

"ఎండిపోయే ఉండాది."

"ఆ చేత్తోనే నిలబడినాడు కదా పాపా. మొదలు బాగుచేసి, ఆ పైన నిలబడమన్లేదు. నిలబడేదానికి ఆ చెయ్యే చాలింది."

అమ్మగారు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఉలవలు ఏరడం అయ్యాక చెంబులో నీళ్ళు తాగి వెళ్ళిపోయారు. మా అమ్మాయి చాట ముందర అట్లాగే కూర్చుంది. ఇంత రాసినా ఆ పూట దాని ముఖం ఎట్లా ఉందో నాకు రాయడం రావడం లేదు.

తర్వాతి మొదటి ఆదివారం అది నాకంటే ముందు లేచి నడిచింది. వెనక నడుస్తున్న నాకు దాని వీపు, జడ మాత్రమే కనపడుతున్నాయి. మోకరించింది. ఓణీ చివర తీసి భుజం మీద వేసుకుంది. గుళ్ళో అందరికీ కనపడింది. ఎవరో దగ్గి ఆపుకున్నారు. కుడి చెయ్యి కిందపెట్టి, ఎడమ చెయ్యి దాని మీద ఆనించింది. మర్యాదకు అది తలకిందులే. అయ్యగారు ఒక్క క్షణం ఆగారు. తర్వాత ఆయన వంగి, ఆ సగం ముడుచుకున్న వేళ్ళ మధ్యన రొట్టె ముక్క పెట్టారు.

ఇంటికి వచ్చే దారిలో అది నాతో అంది, "నీ చెయ్యి పళ్ళెం మాదిరి మా. గాలికి ఎగిరిపోతాది. నాది గిన్నె. యాడికీ పోదు."

ఆ రోజు తర్వాత ఆ ఓణీ కిందికి జారలేదు. చెయ్యి బాగైందని నేను అబద్ధం రాయను. చనిపోయే రోజుకూ అది అట్లాగే ఉంది. మారింది మా అమ్మాయే. పామిడి సంతలో గాజులామెను "కుడికి నా కొలతవి, ఎడమకు చిన్నపిల్లలవి ఇయ్యి" అని అడిగింది.

"చిన్నవి ఎవురికి పాపా, చెల్లెలికా?"

"ఆఁ, మా చిన్నమ్మికి" అని ఎడమ చెయ్యి ఆమె ముందర పెట్టింది. గాజులామె బిత్తరపోయి, ఆ పైన నవ్వి, తనే తొడిగింది. అప్పటినుంచి ఆ చేతికి అదే పేరు. "చిన్నమ్మికి చలేస్తాంది మా", "ఈ పని చిన్నమ్మి చేస్తాదిలే" అనేది. పెద్దరెడ్డి వాళ్ళింట్లో రెడ్డమ్మ ఒకసారి ఎడమ చేత్తో చెంబు అందిస్తావా అని కసిరితే, "ఎడమది అనుకోవద్దు రెడ్డమ్మా, చిన్నది అనుకో. చిన్నపిల్లలు ఇస్తే తీసుకోరా?" అంది. రెడ్డమ్మ తీసుకుంది. వలిచే రోజుల్లో మళ్ళీ నా పక్కన వచ్చి కూర్చుంది. మా వదిన నోరు తెరిచే లోపలే, "అత్తా, ఈ పొద్దు చూపుల్తోనే వలుస్తా, నువ్వు చేతుల్తో కానీ" అంది. ఈసారి మా వదినే ముందు నవ్వింది.

తర్వాత అమ్మగారు ఆదివారం బడి దానికి అప్పగించారు. అభినయాల పాటలన్నీ రెండు చేతులతో చూపించేది. చిన్నపిల్లలకు ఏం తెలుసు. వేళ్ళు ముడవడం కూడా పాటలో భాగమే అనుకున్నారు. మన సంఘం పిల్లలు ఈ రోజుకీ కొండలు చూపించినా, నక్షత్రాలు చూపించినా ఎడమచేతి వేళ్ళు సగం ముడిచే చూపిస్తారు. మా అమ్మాయి దిద్దబోతే అమ్మగారు వద్దన్నారట. సమాధి దగ్గర పిల్లలు పాడినప్పుడు మీలో కొందరు చూసే ఉంటారు. అన్ని చేతులూ అట్లాగే లేచాయి. నేను అప్పటిదాకా ఏడవలేదు.

ఇక ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. మన ఆడవాళ్ళకు తెలిసినదే. బియ్యం కడిగే ముందు ప్రతి పూటా ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేస్తాం. ఆదివారం గుడిలో అందరివీ కలిపి పోస్తాం. లేనివాళ్ళకు పోతాయి. ఊళ్ళో గంజి కేంద్రం పెట్టిన కరువు ఏడు, మా ఇంట్లో బియ్యం అడుగంటాయి. మధ్యాహ్నం మేమే గిన్నె పట్టుకుని గంజికి పోతున్నాం.

"ఈ పూట దేవునికి వద్దులే పాపా. ఆయనకు తెలుసు మన సంగతి" అన్నాను.

"తెలిస్తే ఏం మా? మనది మనం ఇయ్యాల కదా. ఉండు, చిన్నమ్మికి చెప్తా" అంది. ఎడమ చెయ్యి బియ్యంలో ముంచింది. ఆ వేళ్ళ మధ్య పట్టినవి ఎన్నని. పిచ్చుకకు వేసినన్ని. వాటిని డబ్బాలో వేసి, "పిడికెడు పిడికెడే. నీ కుండకు తెలీను కూడా తెలీదు" అంది.

తర్వాత వానలు పడినా, బియ్యం తెచ్చుకోగలిగినా, ఆ పని దాని ఎడమ చేతిదే అయింది. కరువులో తోడు వచ్చిన చేతిని ఇప్పుడు మానిపిస్తామా మా, అనేది.

తర్వాత దానికి కామెర్లు వచ్చాయి. పసరు పోయించాను. ఆ పైన ఆసుపత్రికి తీసుకుపోయాను. అక్కడ మంచం మీద కూడా ఎడమ చెయ్యి దుప్పటి బయటే పెట్టుకుంది. సూది వెయ్యడానికి నర్సు కుడి చెయ్యి అడిగితే, "పెద్దమ్మికి నొప్పి. చిన్నమ్మికి వేస్తావా అక్కా?" అంది. చివరి పూట నేను ఆ చిన్న చెయ్యే పట్టుకున్నాను. ఇన్నేళ్ళకు.

ఆ తర్వాత నేను దేవుని డబ్బా ముట్టలేదు. దాంట్లో అది వేసిన బియ్యం ఉన్నాయి. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. అందరూ పోస్తుంటే నేను ఖాళీ చేతులతో కూర్చున్నాను. బల్లకు కూడా లేవలేదు. చివర గోడకు ఆనుకుని, అది కూర్చున్న చోటే కూర్చున్నాను. అమ్మగారు వచ్చి పక్కన కూర్చున్నారు. తను కూడా ఆ నెల బల్లకు లేవలేదు.

పోయిన ఆదివారం డబ్బా తీసుకుపోయాను. మూత తీసి, అందరి బియ్యం మీద దానివి పోశాను. మావి సన్నవి, ఇంకొకరివి లావువి, ఒకరివి చౌకధర అంగడివి, ఎర్ర మచ్చలవి. ఒక్కసారి చేత్తో కలిపేశారు. ఆ తర్వాత బల్లకు లేచాను. పెద్ద దూరం కాదు. అందరి నడుమ ఒంటరిగా నడవడం ఎట్లా ఉంటుందో, ముందు నడిచినదానికి ఆ రోజు ఎట్లా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసింది. చేతులు చాపాను.

ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించాను. ఒక్క మనిషికి సరిపడా బియ్యం చాటలో పోసుకున్నాను. పిడికెడు తీస్తే కుడి చేతిలో ఎక్కువ వచ్చాయి. వెనక్కి పోసేశాను. ఎడమ చెయ్యి పెట్టి, వేళ్ళు సగం ముడిచి, వాటి మధ్య పట్టినన్నే తీశాను. డబ్బా ఖాళీగా ఉంది. అడుగున రేకు మీద గింజలు పడిన చప్పుడు ఇల్లంతా వినపడింది.