చీకట్లో ఆమె పిడికిలి

ఓ సాయంత్రం మద్దిలపాలెం బస్టాండులో కరెంటు పోయింది. అలవాటుగా లేచి ఎదురు షాపుల వైపు చూశాను. అక్కడా చీకటే.

"అందరికీ పోయిందిలెండి," అన్నాను ఊరటగా, పక్కనున్నామెతో.

ఆమె పిడికిలి మూస్తూ, తెరుస్తూ ఉంది. చేతికేమైందని అడిగాను.

"నాను యుద్ధం జరిగే దేశంలో నర్సుగా సేసేనండి. కరెంటు స్టేషన్ మీద బాంబులేసీసేరు. ఊపిరి మిషన్ ఆగిపోతే, ఓ పాపకి గాలందేలా సేత్తో రబ్బరు తిత్తి నొక్కుతా కూకున్నాను."

"జనం వాడుకునే కరెంటు మీద దాడి చెయ్యకూడదని చట్టం ఉంది కదండీ?"

"ఉందండి. మా వార్డు గోడకే అంటించేరు. సీకట్లో ఎవులు సదువుతారు?"

లైట్లు వెలిగాయి. జనం ఈలలేశారు. ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు. పాప ఏమైందని అడగలేకపోయాను.

ఇప్పుడు నా గదిలో కరెంటు పోతే పక్కింటి వైపు చూడను. ఒక్కణ్ణే కూర్చుని, వెలుగొచ్చేదాకా పిడికిలి మూసి తెరుస్తుంటాను.