ఇస్లాపూర్ దొర ఇంటి గోడలో పొడుచుకొచ్చిన రాళ్లు

పదవీ విరమణకు మూడేళ్ల ముందు, వానలు మొదలయ్యే నెలలో, నాందేడ్ భవనాల విభాగంలో డిప్యూటీ ఇంజనీరుగా ఉన్న నన్ను ఇస్లాపూర్ దగ్గరి ఒక రాతి ఇంటి తనిఖీకి పంపారు. నిజాం కాలంలో కలప వ్యాపారానికి వచ్చిన ఇంగ్లీషు దొర ఒకడు తన దేశంలోని పొలం ఇంటిలాగే కట్టించుకున్న ఇల్లది. రెండడుగుల మందం గోడలు, బాగా వాలుగా దిగే కప్పు, చిన్న కిటికీలు, పెద్ద పొగగొట్టంతో చలిమంట గూడు. ఇస్లాపూర్ ఎండలకు ఆ గూడు ఎందుకో దొరకే తెలియాలి. నేను వెళ్లేసరికి అందులో ఉల్లిగడ్డలు ఆరబోసి ఉన్నాయి.

ఇంగ్లండు రాతి కట్టడాల సంగతి తెలిసినవాణ్ని జిల్లాలో నేనొక్కణ్నే కనుక నన్ను ఎంచుకున్నారు. ఈ మాట చాలాచోట్ల చెప్పాను. నిజానికి ఆ వారం సెలవులో లేనివాణ్ని నేనొక్కణ్నే. నాకు తెలిసిందల్లా రైల్లో పోతూ ఫోన్లో చూసిన నాలుగు బొమ్మలు.

ఇంట్లో లచ్చవ్వ, ఆమె కొడుకు కుటుంబం ఉంటున్నారు. గోడ పెచ్చులు దారిలో పడుతున్నాయని పంచాయతీ ఫిర్యాదు. నేను ‘ప్రమాదకరం’ అని రాస్తే వానలు ముదిరేలోపు కూల్చేస్తారు. వాళ్లకు వేరే ఇల్లు లేదు.

లోపలి గోడలో అక్కడక్కడ పొడవాటి రాళ్లు జానెడు ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. గోడ లోపల పగిలి రాళ్లను తోసేస్తోందని తేల్చేశాను. అక్కడి నుంచే పై అధికారి అయిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకు ఫోన్ చేసి, కూల్చక తప్పదన్నాను. లచ్చవ్వ అంతా విన్నది. ఏడవలేదు, బతిమాలలేదు.

“గవి జారిన రాళ్లు కావు సారు. మా అత్త కాలంకెల్లి వాటి మీదనే డబ్బాలు పెడుతున్నం. మీరు ఈ రాయి మీద అరచెయ్యి పెట్టి నిలబడుండ్రి” అని, రోకలి పట్టుకొని బయటికి పోయింది.

గోడ అవతల దెబ్బ పడింది. నా అరచెయ్యి జివ్వుమంది.

“తాకిందా సారు?” అని అవతలి నుంచి అడిగింది. తాకిందన్నాను.

“నడుమ పగిలితే గట్లెట్ల తాకుతది? ఇంత చదువు చెప్పిండ్రు, గోడకు రెండు పక్కలుంటయని చెప్పలేదా?”

రాతి గోడ అంటే వెన్ను కలిపి నిలబెట్టిన రెండు గోడలు, నడుమ చిన్న రాళ్ల నింపుడు. ఆ రెంటినీ పట్టి ఉంచేందుకు ఈ కొస నుంచి ఆ కొసకు వేసే పొడుగు రాయిని మేం త్రూ రాయి అంటాం. నేను గోడకు జబ్బు అనుకున్నది దాని ఎముక. అన్నింటినీ అలాగే కొట్టి చూశాం. ఒక్కటి మాత్రం పలకలేదు. అక్కడే పగులుంది. పెచ్చులకు కారణం ఈమధ్య సున్నం సందుల మీద పూయించిన సిమెంటు. లోపలి తడిని బయటికి పోనివ్వడం లేదు. అధికారికి మళ్లీ ఫోన్ చేసి, నేను పొరబడ్డానని చెప్పాను. రెండు మాటల్లో దేన్ని నమ్మమంటావని ఆయన అడిగాడు. సిమెంటు గీకించి సున్నం పెట్టాలనీ, ఒక రాయి మార్చాలనీ రాశాను. ఇల్లు నిలిచింది.

ఆ రిపోర్టులో ‘ధ్వని పరీక్ష జరిపి కనుగొన్నాను’ అని కూడా రాసుకున్నాను. మెచ్చుకోలు వచ్చింది. కొత్త ఇంజనీర్లకు దాని మీద ఉపన్యాసమూ ఇచ్చాను, రోకలిని సుత్తి చేసి. పరీక్ష లచ్చవ్వది. నా సంతకంతో కూలబోయిన ఒక గట్టి ఇంటిని నిలిపింది ఆమే. అందుకు ఆమెకు కృతజ్ఞుణ్ని.

ఇంటి గురించి మొదట అందులో బతికేవాళ్లను అడగాలి. ఆ తర్వాత నా తనిఖీ ఫారంలో ‘నివాసి చెప్పినది’ అని ఒక గడి గీయించాను. అది నిండకుండా ఎప్పుడూ సంతకం పెట్టలేదు. నిజానికి రెండుసార్లు పెట్టాను. రెండుసార్లూ మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.