అత్తమ్మ చూసిన నల్లసూర్యుడు

రెండువేల పందొమ్మిది డిసెంబరు చివర్ల సూర్యగ్రహణం వచ్చినప్పుడు నాకు ఐదో నెల. జడ్చర్ల దగ్గరి ఊరు మా అత్తగారిది, జీవాలు కాసుకునే ఇల్లు. నేను జడ్చర్లల బడిపిల్లలకు సైన్సు చెప్తున్న. గ్రహణం అద్దాలు తెప్పించి, పాఠం తయారు చేసుకున్న. నూటయాభై ఏండ్ల కింద గుంటూరు కాడ సంపూర్ణ గ్రహణం పట్టిన నాడు, దూరదేశపు శాస్త్రవేత్తలు సూర్యుని అంచు వెలుగును రంగులుగ విడదీసి, ఎవరికీ తెల్వని పసుపు గీత చూసిండ్రు. అది హీలియం అనే కొత్త వాయువుదని తర్వాత తేలింది. ఆ ముచ్చట చెప్పాలని ఉబలాటంగ ఉండె.

ముందటి రోజు అత్తమ్మ నా చెయ్యి పట్టుకున్నది.

“బిడ్డా, రేపు బయట అడుగు వెట్టకు. కత్తి, సూది ముట్టకు. జర నా మాట విను.”

పెండ్లయినంక కొలువు చేస్తనన్నా, పై చదువు చదువుతనన్నా ఎన్నడూ అడ్డం చెప్పని మనిషి. అసుంటామె బతిమిలాడుతుంటే వాదించబుద్ధి కాలె. అద్దాలు తోటి టీచరమ్మకు పంపించి సెలవు పెట్టిన.

తెల్లారి అత్తమ్మ తొక్కు జాడీల మీద గరిక వేసి, నన్ను వెనుక అర్రల కూసోవెట్టి తలుపు దగ్గరికేసింది. అది రేకుల అర్ర. మేకులు ఊడిన బొక్కల నుంచి ఎండ దిగి, ఎదురు గోడ మీద గుండ్రటి బిళ్లలు బిళ్లలుగ పడ్డది. చూస్తుండంగనే ఒక్కొక్క బిళ్లను పక్క నుంచి ఎవరో కొరికినట్టయింది.

“అత్తమ్మా, జల్ది రా! గ్రహణం మన గోడ మీదనే ఉన్నది.”

ఆమె గడపలనే నిలవడి చూసింది. నెలవంకల లెక్క సన్నవడ్డ ఎండ బిళ్లలు. లోపలికొచ్చి నా పక్కన కూసున్నది.

“గిదేం గ్రహణం బిడ్డా. నేను చూసిన దాని ముందట గిదెంత!”

అది పందొమ్మిదివందల ఎనభై సంవత్సరంల వచ్చిన సంపూర్ణ గ్రహణం. ఊరంత తలుపులు పెట్టుకున్నదట. మామకు జరం. ఆకలికి జీవాలు అరుస్తుంటే, కడుపుతోటున్న అత్తమ్మ, గ్రహణం పట్టకముందే వస్తననుకొని గుట్ట కిందికి తోలుకపోయింది.

“పగటీలి ఎండ పలుచబడ్డది. సలి పెట్టింది. జీవాలన్నీ మేసుడు ఆపి ఒక్కకాడ కుప్పైనయి. దెబ్బున చీకటైంది. చుక్కలు పొడిసినయి. పైన సూర్యుని జాగల నల్లటి బిళ్ల, సుట్టూ తెల్లటి ఎంటికెల లెక్క వెలుగు.”

“భయం కాలేదా?”

“కాలు సేతులు ఆడలె. గని కండ్లు మరల్చబుద్ధి కాలె. అంత అందం మల్ల చూడలే.”

తర్వాత గొంతు తగ్గించింది.

“ఉగాది దాటినంక మీ వదినె పుట్టింది. పైపెదవి చీలి ఉండె. పాలు తాగరాకపోయేది. మా అత్త ‘నువ్వు చూసినవు, పిల్ల మూతి చీలింది’ అన్నది. పట్నం దవాఖానల కుట్లు వేపిచ్చినం. గని అన్న మాటకు కుట్లు పడయి కద బిడ్డా.”

మా ఆడబిడ్డ పెదవి మీది సన్నటి గీత చిన్నప్పుడు కింద పడితే అయిందనుకుంటుంటి ఇన్నాళ్లు.

“అత్తమ్మా, అప్పుడు నీకు ఎన్నో నెల?”

“ఏడు నిండినయి.”

“కడుపుల బిడ్డకు పెదవి మూడు నెలలు నిండకముందే తయారైపోతది. నువ్వు గుట్ట కిందికి పోయే నాటికే వదినె పెదవి అట్ల ఉండె. గ్రహణం చేసింది కాదు, నువ్వు చేసింది కాదు.”

“మల్ల ఎందుకైంది?”

“చాలామందికి ఎందుకైతదో డాక్టర్లకు సుత ఖాయంగ తెల్వది.”

“నువ్వు నా మనసు కోసం చెప్తలేవు కద?”

“బడిల పిల్లలకు చెప్పేదే చెప్తున్న.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. గోడ మీద బిళ్లలు మల్ల గుండ్రంగ అయ్యేదాక ఇద్దరం ఆడనే కూసోని చూసినం.

గ్రహణం విడిచినంక ఇల్లు కడిగింది, తానం చేసింది, నన్నూ చెయ్యమన్నది. ఆ పద్ధతులేవీ విడువలె. తడి జుట్టు ముడేసుకొని మహబూబ్‌నగర్‌ల ఉన్న బిడ్డకు ఫోన్ చేసింది. నేను చెప్పిందంత చెప్పింది. అటు నుంచి వదినె గొంతు నాకు ఇనవడ్డది.

“గిన్నేండ్లు గది మనసుల పెట్టుకున్నవా అమ్మా? నేనెన్నడన్న నిన్నన్ననా?”

“అనలేదు బిడ్డా. అందుకే ఎక్కువ బాధయ్యేది.”

వదినె ఏమన్నదో గని, అత్తమ్మ ఏడుసుకుంటనే నవ్వింది. నేను వంటింట్లకు పోయి పొయ్యి ముట్టించిన. పొద్దటి సంది ఏం తినలేదు, ఇద్దరికీ ఆకలైతాంది.